నీటి బాటపై ఒక శీతకాలపు దినము

భూగోళశాస్త్రమున "రవాణా మార్గములు" అను పాఠమునందు నాలుగు మార్గములు చెప్పబడును: రోడ్డు, రైలు, జలము, ఆకాశము. ఇందు మొదటిదానిని భోగాపురపు పిల్లలు ప్రతిదినము చూచుచున్నారు. కలకత్తానుండి చెన్నపట్టణమునకు పోవు జాతీయ రహదారి మన యూరిమీదుగనే పోవుచున్నది. రెండవది విజయనగరమున కలదు. నాలుగవదానికై మన మండలముననే విమానాశ్రయమునకు 2023లో శంకుస్థాపన జరిగినది. మూడవదియగు జలమార్గము పేరెత్తగానే మన పిల్లలు కోనాడవద్దనో భీమునిపట్టణమువద్దనో చూచిన సముద్రపు పడవలనే తలంతురు. వరిపొలముల నడుమ, రెండు గట్లమధ్య, తిన్నగా సాగిపోవు కాలువ పడవను ఎరిగినవారు మనలో మిక్కిలి తక్కువ. "గంటకు రెండు మూడు మైళ్లు నడచు పడవను గూర్చి ఈ కాలమున మేమేల చదువవలెను?" అని విద్యార్థి యడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి బదులు చెప్పుటకే యీ పాఠమును వ్రాయుచున్నాము.

1. నీరు బరువు మోయు తీరు

జత యెడ్లు మంచి బాటపై ఇంచుమించు ఒక టన్ను బరువుగల బండిని లాగగలవు. బాట బురదయైనచో అదియు సాధ్యము కాదు. ఇంగ్లాండు దేశపు కాలువలలో ఒక్క గుర్రము 25 టన్నుల బొగ్గు నింపిన పడవను నడకవేగమున లాగుచుండెను. ఆ గుర్రమునకు ఎక్కడనుండియో క్రొత్త బలము రాలేదు. నేలపై బండిచక్రము ప్రతి గుంటతోను ప్రతి రాతితోను పోరాడవలెను. నీటిపై నట్లు కాదు. పడవ బరువును నీరే మోయును; ఎదుటి నీటిని ప్రక్కకు తొలగించుట మాత్రమే లాగువాని పని. ఆ పనియు మెల్లగా చేసినప్పుడే తేలిక. వేగము రెట్టింపు చేసినచో నీటి యెదురు ఇంచుమించు నాలుగు రెట్లగును. కావున మెల్లనితనమును కాలువ పడవకు లోపముగా నెంచరాదు. అంత కొద్ది బలముతో అంత బరువు సాగుటకు ఆ మెల్లనితనమే మూలము.

దీనిని మీరే పరీక్షించి చూడవచ్చును. ఒక వెడల్పైన రేకు పళ్లెములో ఇటుకనుంచి, పళ్లెమునకు దారము కట్టి, దారపు కొసకు రబ్బరు పట్టీ ముడివేయుడు. ముందు నేలపై లాగుడు. రబ్బరు ఎంత సాగినదో కొలువుడు. పిమ్మట అదే పళ్లెమును పెద్దల యెదుట చెరువు మెట్టువద్ద నీటిపై తేల్చి మెల్లగా లాగుడు. మరల కొలువుడు. చివరకు నీటిపైననే వడిగా లాగి మూడవమారు కొలువుడు. ఈ మూడు కొలతలలోనే పైన చెప్పినదంతయు కలదు.

2. కరువు చెప్పిన పాఠము

1832–33 సంవత్సరములలో, అనగా నందన నామ సంవత్సరమున, గుంటూరు సీమను దారుణమైన కరువు పట్టెను. గోదావరి మండలమును గూడ వెంటవెంట కరువులును, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెనయు పాడుచేసెను. 1821లో ఇంచుమించు 7,38,000 జనముగల ఆ మండలమున 1841 నాటికి 5,61,000 మంది మాత్రమే మిగిలిరి. ప్రక్కనే గోదావరి నిండుగా ప్రవహించి సముద్రమున కలియుచుండగనే జనులిట్లు నశించిరి.

కరువనగా వాన లేకుండుట మాత్రమే యని మనము తలంతుము. అది సగము మాటయే. ఒకచోట పంట పోయినను మరియొకచోట ధాన్యముండును. దానిని తెచ్చునదెవరు? కరువు సీమలో ఎడ్లకు మేత లేదు, త్రోవలో నీరు లేదు, బండ్లు కదలవు. ఈ మాటకు నిదర్శనము కొరకు మనము దూరము పోనక్కరలేదు. 1866లో ఒరిస్సాలో వచ్చిన క్షామమున ఇంచుమించు పది లక్షలమంది చనిపోయిరి. ఆ క్షామము గంజాము మండలమును గూడ తాకెను. నేటి శ్రీకాకుళ ప్రాంతము నాడు ఆ మండలములోనిదే. ఒరిస్సాకు ఓడలపై బియ్యము పంపినను, వర్షకాలమున సముద్రము పొంగియుండుటచే తీరమున సరకు దింపుట దుర్లభమయ్యెను; దింపినదానిని లోపలి గ్రామములకు చేర్చుటకు తగిన బాటలు లేకపోయెను. మూటలు తీరమువద్దనుండగా లోపల మనుష్యులు ఆకలితో మరణించిరి.

గోదావరి సీమలో ఈ రెండు కొరతలను ఒకే త్రవ్వకముతో తీర్పవచ్చునని నమ్మినవాడు ఇంజనీరు ఆర్థరు కాటన్ (1803–1899). ఆయన ధవళేశ్వరమువద్ద 1847లో ఆనకట్ట పని నారంభించి 1852లో ముగించెను. వేలకొలది కూలీలు అందు పనిచేసిరి. ఆ పనిలో ఆయనకు కుడిభుజముగా నిలిచినవాడు మన తెలుగువాడగు వీణం వీరన్న. ఆనకట్టకు ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములు కలవు. దానినుండి తూర్పు, మధ్య, పడమటి డెల్టాలకు ప్రధాన కాలువలు బయలుదేరినవి. కాలువ పొలమునకు నీరిచ్చుటతో తృప్తిపడక పడవను గూడ మోయవలెనని కాటన్ పట్టుపట్టెను. దేశమునకు రైలుకంటె నీటి బాటయే చౌకయని జీవితాంతము వాదించి, 1878లో ఇంగ్లాండు పార్లమెంటు ఉపసంఘము ఎదుట గూడ తన పక్షమును వినిపించెను. ఆయన కాలమునకు పిమ్మట లెక్క చూడగా గోదావరి డెల్టాలో ఇంచుమించు 500 మైళ్ల కాలువలపై పడవలు తిరుగుచుండెను.

3. పుష్యమాసమున ఒక పడవ

రైలు రాకమునుపు, 1890 ప్రాంతమున, పుష్యమాసమున ఒకనాడు విజ్జేశ్వరమునుండి ఏలూరు కాలువలో మనము పడవయెక్కితిమని భావింతము.

తెల్లవారుజాము. నీటిపై మంచు పొగవలె పరచుకొనియున్నది. ఎదుటి గట్టు కనబడదు. తాటాకు గూడు కప్పిన పడవలో ధాన్యపు బస్తాలపై చాపలు పరచుకొని, దుప్పట్లు కప్పుకొని ప్రయాణికులు కూర్చున్నారు. వెనుక చుక్కానివద్ద సరంగు నిలిచియున్నాడు. ఒకడు గడవేసి పడవను రేవునుండి నెట్టినాడు. వరుపు మనకు అనుకూలము, గాలియు అనుకూలము. శీతకాలమున మన తీరమున గాలి తరచుగా ఈశాన్యమునుండి వీచును. మనము పోవునది నైరృతి దిక్కునకు. పొద్దెక్కి గాలి లేవగానే తెరచాప విప్పుదురు. అప్పుడు పడవలో నీటి చప్పుడు తప్ప వేరొక చప్పుడుండదు.

ఇరుప్రక్కల సార్వా పంట కోతలు ముగిసినవి. కళ్లములలో నూర్పులు జరుగుచున్నవి. కొన్నిచోట్ల దాళ్వాకు నారుమళ్లు దున్నుచున్నారు. రేవు రేవునను బస్తాలు పేర్చియున్నవి. పొలమును తడిపిన నీరే ఆ పొలము పండించినదానిని సంతకు మోయుచున్నది! ఈ యేర్పాటు శీతకాలమున కనబడినంత స్పష్టముగా మరెప్పుడును కనబడదు. వర్షకాలమున నది వరదతో బురదగా నుండును. వేసవిలో పూడిక తీయుటకును మరమ్మతులకును కాలువలు కట్టివేయుదురు. నిండుకాలువ, తేటనీరు, సరకు, గాలి ఈ నాలుగును కలసివచ్చునది శీతకాలముననే.

పగటికి నిడదవోలు చేరి, అచ్చట సరకు దింపి, క్రొత్త సరకు నెత్తుకొని, పొద్దుగ్రుంకిన పిమ్మట తాడేపల్లిగూడెము వైపు సాగుదురు. అట్లే పోయినచో ఏలూరు. ఏలూరున గోదావరి కాలువయు బెజవాడనుండి వచ్చు కృష్ణ కాలువయు కలియును. కృష్ణ దాటి కొమ్మమూరు కాలువలో పెదగంజాము వరకును, అచ్చటినుండి బకింగ్‌హాము కాలువలో చెన్నపట్టణమునకును పోవచ్చును. ఈ కడపటి కాలువలోని కొంత భాగము 1877–78 కరువునాటి కూలీలచే త్రవ్వబడినది. నాటి గవర్నరు పేరే దానికి పెట్టబడినది.

4. లాకు పనిచేయు విధము

డెల్టా భూమి సముద్రమువైపు మైలునకు ఇంచుమించు ఒక అడుగు వాలియుండును. కాలువను ఆ వాలుతోనే త్రవ్వినచో నీరు వడిగా పరుగెత్తి గట్లను కోసివేయును, పడవ ఎదురెక్కజాలదు. కావున కాలువను ఇంకను తక్కువ వాలుతో త్రవ్వి, మిగిలిన వాలునంతను అక్కడక్కడ మెట్లుగా చేసిరి. మెట్టువద్ద నీరు దుమికిపోవుటకు ఒక దారియు, పడవ దిగుటకు ఒక గదియు నుండును. ఆ గదియే లాకు.

గదికి పైన రెండు తలుపులు, క్రింద రెండు తలుపులు. ప్రతి జత తలుపులును మూసినప్పుడు తిన్నగా నుండక, పై నీటివైపునకు మొనచూపి ఒకదానినొకటి ఆనుకొనును. అందుచే నీరు ఎంత నెట్టిన అంత బిగియును. పడవ క్రిందికి పోవలెనన్న, ముందు గదిని పై నీటితో నింపుదురు. రెండు మట్టములు సమమైనపుడే పై తలుపులు తెరచుకొనును. పడవ లోనికి వచ్చిన పిదప వానిని మూసి, క్రింది తలుపులలోని చిన్న తూములను ఎత్తుదురు. నీరు దిగును, నీటితో పడవయు దిగును. దిగువ నీటితో సమమైనప్పుడు క్రింది తలుపులు తెరతురు. పైకి పోవలసినప్పుడు ఇదే పని తలక్రిందుగా జరుగును. వందల బస్తాల పడవను ఎత్తుటకు ఇచ్చట యంత్రము లేదు, బొగ్గు లేదు. నీటి పాటే దానిని ఎత్తుచున్నది.

లాకువద్ద ఎవరి ధనమును ఎవరి పదవియు పనికిరాదు. మట్టములు సమము కాకమునుపు పదిమంది కలసి నెట్టినను తలుపు కదలదు. ఎదుటినుండి వచ్చు పడవ గదిలోనున్నచో మనము వేచియుండవలెను.

ఒక్కొక్క పడవ దాటినప్పుడెల్ల గదినిండ నీరు పైనుండి క్రిందికి పోవును. గోదావరి కాలువలో దీనివలన నష్టము లేదు. ఆ నీరు దిగువ పొలములకే చేరును. ఇంగ్లాండులో నట్లు కాదు. అచ్చటి కాలువలు కొండల నెక్కి దిగును. ఎగువనున్న చెరువులలో నిలువచేసిన నీరే వానికి ఆధారము. అందుచే నీటిని, ఖర్చును పొదుపుచేయుటకు అచ్చట అనేక లాకులను 7 అడుగుల వెడల్పుతోనే కట్టిరి. అట్టి లాకు ఒక్కమారునకు సుమారు 25,000 గేలన్ల నీటిని దించును. వానిలో పట్టుటకై పడవలను 7 అడుగులకంటె కొంచెము తక్కువ వెడల్పును, 70 అడుగుల పొడవును ఉండునట్లు చేసిరి. వానిని సన్నపడవలందురు. నీటి కరువున్నచోట పడవ సన్నము. నీరు కలిగినచోట పడవ వెడల్పు. దేశపు నీటిని బట్టియే పడవ రూపము ఏర్పడునని దీనివలన తెలియుచున్నది.

5. తాడు పట్టినవారు

ఇంతవరకు చెప్పినది దిగువకు పోవు ప్రయాణము. తిరుగు ప్రయాణమును చెప్పక విడుచుట సత్యము కాదు. విజ్జేశ్వరమునకు మరల వచ్చునప్పుడు వరుపు ఎదురు, ఈశాన్యపు గాలియు ఎదురు. తెరచాప పనికిరాదు. అప్పుడు తెరచాప కొయ్యకు పొడుగైన తాడు కట్టి, దాని కొసను భుజమున వేసికొని, ఇద్దరు ముగ్గురు మనుష్యులు గట్టువెంట వంగి నడచుచు లాగుదురు. శీతకాలపు తెల్లవారుజామున మంచుతో తడిసిన గడ్డిపై వట్టి కాళ్లతో వారు నడచిరి. గూటిలో దుప్పటి కప్పుకొన్నవానికి ఆ ప్రయాణము సుఖము. తాడు పట్టినవానికి అది కూలి. బరువును నీరు మోసినది నిజమే. నీటిని తొలగించు పని మాత్రము మనిషి భుజముపై పడినది.

ఇంగ్లాండులోను ఇట్లే జరిగెను. అచ్చట 1761లో బ్రిడ్జివాటరు కాలువ తెరువబడి మాంచెస్టరులో బొగ్గు వెల ఇంచుమించు సగమునకు తగ్గెను. తరువాత రైలు పోటీ వచ్చి కాలువ కూలి తగ్గగా, పడవవాండ్రు ఇంటి అద్దె కట్టలేక భార్యాబిడ్డలను పడవలోనికే తెచ్చుకొనిరి. ఏడడుగుల వెడల్పు పడవలో వెనుకనున్న చిన్న గదియే యిల్లు. పిల్లలు గుర్రము తోలిరి, లాకుల తలుపులు నెట్టిరి, బడి యెరుగరు. 1877లో పార్లమెంటు ఒక చట్టముచేసి, కాపురముండు పడవలను పట్టికలో వ్రాయించి, అందలి పిల్లలకు చదువు చెప్పవలెనని విధించెను. కాని పడవ యొకచోట నిలువదు. నేడొక ఊరి బడి, ఎల్లుండి మరియొక ఊరి బడి. చట్టము వచ్చినను చదువు నిలుకడగా సాగలేదు. శీతకాలమున కాలువ గడ్డకట్టినచో పడవ కదలదు, కూలి రాదు. 1962–63 నాటి చలికాలమున మంచు ఇంచుమించు మూడు నెలలు కరగక, అప్పటికే క్షీణించిన సరకు వ్యాపారమును చాలవరకు అంతముచేసెను.

ఉత్తరాంధ్రలో కుటుంబములు కూలికై పరదేశములకు పోవుట మనకు క్రొత్త కాదు. తండ్రితో బిడ్డయు పోయినచో బడిలో ఆ బల్ల ఖాళీయగును. కావున చౌకయైన రవాణాను పొగడునప్పుడు, దాని చౌకతనమునకు వెల నిచ్చినదెవరని అడుగుట మరువరాదు.

6. కాలువ మూగపోయిన విధము

మన సీమలో 1893 మొదలు తూర్పుతీరపు రైలుమార్గము తెరువబడసాగెను. 1900లో రాజమహేంద్రవరమువద్ద గోదావరిపై రైలు వంతెన పూర్తియయ్యెను. పిమ్మట బస్సులు, లారీలు వచ్చెను. పడవలు ఒక్కనాట మానలేదు. ఒక్కొక్క రేవుగా మానెను. పడవ రాని కాలువపై తక్కువ ఎత్తు వంతెనలు కట్టిరి. గుర్రపుడెక్క అల్లుకొనెను. పట్టణముల మురికి చేరెను. లాకు తలుపులు కదలక తుప్పుపట్టెను. పాత ఆనకట్టకు బదులుగా 1982 నాటికి కట్టబడిన బ్యారేజికి కాటన్ పేరే పెట్టిరి. పొలములకు నీరు నేటికిని పారుచున్నది. ఆయన కోరిన రెండు పనులలో ఒకటి నిలిచి, రెండవది అణగిపోయినది. "లాకులు" అను మాట నేడు అనేకచోట్ల ఊరి పేరుగనో బస్సు ఆగు చోటుగనో మిగిలినది.

ఇంగ్లాండులోను కాలువలు పాడుపడినవి గాని, 1946లో కొందరు సంఘముగా ఏర్పడి వానిని కాపాడ పూనుకొనిరి. ఉద్యోగులు, విద్యార్థులు సెలవుదినములలో బురదలో దిగి పూడిక తీసిరి, లాకులు బాగుచేసిరి. నేడు ఆ కాలువలలో వేలకొలది సన్నపడవలు విహారమునకును నివాసమునకును తిరుగుచున్నవి. చలిదినమున పడవలోని పొయ్యి ప్రక్క కూర్చుండి గంటకు మూడు మైళ్లు పోవుట వారికి వినోదమైనది. పూర్వము అదే పడవలో పెరిగిన పిల్లలకు అది వినోదము కాదు.

7. మన యెదుటనున్న ప్రశ్న

2008లో భారత ప్రభుత్వము కాకినాడ, ఏలూరు, కొమ్మమూరు, బకింగ్‌హాము కాలువలను, గోదావరి కృష్ణా నదుల కొన్ని భాగములను చేర్చి 4వ జాతీయ జలమార్గముగా ప్రకటించెను. మొదటి ప్రకటనలో దాని పొడవు 1,078 కిలోమీటర్లు. ప్రకటించుట యొకటి, పడవ నడచుట యొకటి. వంతెనలెత్తవలెను, పూడిక తీయవలెను, లాకులు మరల పనిచేయవలెను.

ఇది గోదావరివారి సంగతియని మనము ఊరకుండరాదు. మన చంపావతి, గోస్తని నదులు కొండలలో పుట్టి కొద్దిదూరముననే సముద్రమున కలియును. సంవత్సరమున చాలకాలము ఇసుకయే కనబడును. అందుచే మన పూర్వులు చెరువులు త్రవ్విరేగాని పడవ కాలువలు త్రవ్వలేదు. ఇప్పుడు పోలవరపు ఎడమ కాలువ ద్వారా గోదావరి జలమును ఉత్తరాంధ్రకు తెచ్చు పథకములు తలపెట్టబడినవి. నీరు వచ్చుననుకొందము. ఆ కాలువ పొలమును తడుపుట మాత్రమే చేయవలెనా, బరువును గూడ మోయవలెనా? ఈ సంగతిని వంతెనలు కట్టకమునుపే ఆలోచింపవలెను. కట్టిన పిదప ఆలోచించి ప్రయోజనము లేదు. నేడు విద్యుత్తుతో తిరుగు చిన్న మరయొకటి తాడు పట్టినవాని భుజమును విడిపింపగలదు. నీటి గుణము మారలేదు. కాటన్ నాడు ఎంత బరువును ఎంత తేలికగా మోసెనో నేడును అట్లే మోయును. వేగముగా పోవలసిన మనిషికి విమానము తగును. తొందరలేని ఇటుక, ఇసుక, బియ్యము, ఉప్పు మెల్లగా పోయినచో నష్టమేమి?

విద్యార్థులు ఇంట పెద్దలతో చర్చించి బదులు వ్రాయవలసిన ప్రశ్నలు:

1. లాకు తలుపులు పై నీటివైపునకు మొనచూపుటకు కారణమేమి? క్రిందివైపునకు చూపినచో ఏమగును?

2. ఇంగ్లాండు పడవ సన్నముగను గోదావరి పడవ వెడల్పుగను ఉండుటకు నీటికి గల సంబంధమేమి?

3. 1866లో బియ్యము తీరము చేరినను జనులు మరణించుటకు కారణములెవ్వి? నేడట్టి ఆపద వచ్చినచో మీ గ్రామమునకు ధాన్యము ఏ యే దారుల వచ్చును?

4. మీ యింటికి ఈ వారము వచ్చిన సరకులను ఒక పట్టికగా వ్రాయుడు. వానిలో తొందరగా రావలసినవెన్ని? మెల్లగా వచ్చినను చెడనివెన్ని?